పెళ్ళయ్యాక ఆ కొట్టు ఎవరిది?

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ప్రచురణకర్త ఫోన్ చేసి "మేడమ్, మీ నవల వేస్తున్నాం" అన్నారు. ఆ ఒక్క మాట కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. సంతోషం ఇంకా చల్లారలేదు. ఒకరి మీద కోపమూ చల్లారలేదు. రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను. ఇంగ్లండు రీజెన్సీ కాలపు ప్రేమకథ తెలుగులో రాయాలనీ, అందులో గుండెధైర్యం ఉన్న పిల్లని నాయికగా పెట్టాలనీ అనుకునే వాళ్ళకి నేను పడ్డ పాట్లలో కొన్నయినా తప్పితే చాలు.

రీజెన్సీ అంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్క. మూడో జార్జి రాజుకి మతి చెడి రాజ్యం చూసుకోలేని స్థితి వస్తే, 1811 ఫిబ్రవరి నుంచి ఆయన పెద్దకొడుకు రాజప్రతినిధిగా ఏలాడు. 1820 జనవరిలో తండ్రి పోయేదాకా అదే ఏర్పాటు. నెపోలియన్ యుద్ధాల చివరి ఏళ్ళు, వాటర్లూ, తెల్లటి మస్లిన్ గౌన్లు, బాల్ డాన్సులు అన్నీ ఆ తొమ్మిదేళ్ళలోవే. నేను తీసుకున్నది 1816. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేషియాలో టంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ పేలుడు వల్ల 1816లో యూరప్‌కి వేసవే రాలేదు. వానలు, చలి, పాడైన పంటలు, పిరమైన రొట్టె, యుద్ధం అయిపోయి పనిలేక తిరిగే సైనికులు. ప్రేమకథకి ఇంతకన్నా మంచి వాతావరణం ఎక్కడ దొరుకుతుంది?

ఊరు తేలిగ్గానే దొరికింది. పెద్దమ్మాయి పురుటికని ఇంగ్లండులో రెడింగ్ వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. ఫిబ్రవరిలో అల్లుడు కారులో దక్షిణ తీరంలో ఉన్న లైమ్ రీజిస్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. సముద్రంలోకి వంపు తిరిగి పోయే కాబ్ అనే రాతి గోడ మీద నడిచాను. గోడ పైభాగం సముద్రం వైపుకి ఏటవాలుగా ఉంటుంది, గాలి తోసేస్తుంది. ఊరికి తూర్పున నల్లటి మట్టి కొండలు. చలికాలం తుఫాన్లకి ఆ మట్టి విరిగిపడితే లోపలున్న శిలాజాలు బయటపడతాయి. ఆటుకీ పోటుకీ మధ్య దొరికిన కాసేపట్లో ఏరుకోవాలి. ఆలస్యమైతే వెనక కొండ, ముందు నీళ్ళు. ఆ ఊళ్ళోనే 1811లో ఒక వడ్రంగి కొడుకు ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపం తలకాయ కనిపెడితే, మరుసటి ఏడాది అతని చెల్లెలు మేరీ ఆనింగ్ మిగతా ఒళ్ళు వెతికి పట్టింది. అప్పటికి ఆమెకి పన్నెండు, పదమూడేళ్ళు. తండ్రి అప్పులు మిగిల్చి పోయాడు. ఆ ఎముకల గూడు 23 పౌండ్లకి అమ్ముడైంది. ఆమె పుట్టిన ఇంటి స్థలంలోనే ఇప్పుడు మ్యూజియం ఉంది. అక్కడ నిలబడ్డప్పుడే నా నాయిక నాకు కనిపించింది.

పేరు హారియట్. ఓడల వర్తకుడి కూతురు. తల్లీ తండ్రీ లేరు. రేవు పక్కన చిన్న ఇల్లు, రెండు వేల పౌండ్లు, ముందుగదిలో శిలాజాల కొట్టు. నాయకుడు యుద్ధం అయిపోయి సగం జీతం మీద ఇంటికొచ్చిన నౌకాదళం లెఫ్టినెంటు. ప్రతినాయకుడు ఆమెకి సంరక్షకుడైన 'అంకుల్'. ఇక్కడ తెలుగు నన్ను ఆపేసింది. ఇంగ్లీషులో అంకుల్ అంటే సరిపోతుంది, మనకి బాబాయో మేనమామో తేల్చాలి. మేనమామ అని రాస్తే మన పాఠకులు రెండో పేజీలోనే 'ఈయనే చేసుకుంటాడేమో' అనుకుంటారు. అందుకే బాబాయిని చేశాను.

మొదటిసారి రాసిన కథ ఇది. హారియట్‌కి పంతొమ్మిదేళ్ళు. బాబాయి తన ముసలి స్నేహితుడికి కట్టబెట్టబోతాడు. ఆ పిల్ల అర్ధరాత్రి కిటికీలోంచి దూకి, లెఫ్టినెంటుతో గుర్రమెక్కి, తెల్లారేసరికి, పెద్దల అనుమతి లేకపోయినా పెళ్ళి జరిపే స్కాట్లండు సరిహద్దులో గ్రెట్నా గ్రీన్ చేరి, కమ్మరి కొలిమి దగ్గర పెళ్ళి చేసుకుంటుంది. శుభం. నాకు ఎంతో నచ్చింది. నాలుగు వందల పేజీలు చేత్తో రాశాను.

దాన్ని పట్టుకుని విజయవాడలో మూడు రోజుల నవలా కార్యశాలకి వెళ్ళాను. రెండో రోజు, భోజనాల తర్వాత, నా వంతు. హాల్లో నలభై మంది. వేదిక మీద ఒక పెద్ద రచయిత. డెబ్భై దాటాయి, ఆయన పుస్తకాలు చదివి పెరిగినదాన్ని. పారిపోయే అధ్యాయం చదివాను. చప్పట్లు కొట్టబోతున్నారనే అనుకున్నాను. ఆయన మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఏమ్మా, రాత్రికి రాత్రి వెళ్ళిపోయిందన్నావు. ఎన్ని మైళ్ళు?"

"దూరమే మాస్టారూ."

"దూరమని నాకూ తెలుసు. ఎన్ని?"

చెప్పలేకపోయాను. లైమ్ నుంచి గ్రెట్నాకి 300 మైళ్ళ పైమాటే. అద్దె బండిలో పది పదిహేను మైళ్ళకోసారి గుర్రాలు మార్చుకుంటూ పోయినా రోజులు పడుతుంది, మైలుకి షిల్లింగు పైనే ఖర్చు. ఇదంతా తర్వాత తెలుసుకున్నాను. ఆ క్షణంలో నా నోట్లో తడి లేదు.

"పోనీలే. పెళ్ళయింది. పెళ్ళయ్యాక ఆ కొట్టు ఎవరిది?"

"ఆ పిల్లదే కదండీ. వాళ్ళ నాన్నగారిచ్చింది."

"కాదు. మొగుడిది. డబ్బు మొగుడిది, కొట్లో సరుకు మొగుడిది, రేపు ఆ పిల్ల ఏరుకొచ్చే రాయి కూడా మొగుడిదే. కిటికీలోంచి దూకి బాబాయి గుప్పిట్లోంచి మొగుడి గుప్పిట్లో పడింది. దీన్ని సాహసం అంటావా?"

హాలంతా నవ్వింది. వెనక వరసలో ఎవరో బల్ల చరిచారు. ఆయన అక్కడితో ఆగలేదు. "మీ వీధిలో కథలు లేవా? ఈ దొరసానుల గోల నీకెందుకమ్మా?" అని, తర్వాతి ఆయన్ని "రండి, ఫలానా గారూ" అని పిలిచారు. ఆ ఫలానా గారికి నా కొడుకు వయసు. అతను 'గారు', నేను 'నువ్వు'. నాకు యాభై ఆరేళ్ళు, ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసి ఇల్లు నడిపినదాన్ని. మూడో రోజు ఉండకుండా సాయంత్రం బస్సెక్కి రాజమండ్రి వచ్చేశాను. ఏలూరులో బస్సు ఆగినా దిగలేదు. ఆ కాగితాలు అటక మీద పెట్టించి రెండు నెలలు ముట్టుకోలేదు.

తెలిసినవాళ్ళు తప్పు చూపించాల్సిందే. కానీ నేర్చుకోవడానికి డబ్బు కట్టి వచ్చిన మనిషిని నలుగురి ముందు నవ్వులపాలు చేయడం నేర్పడం కాదు. అదే మాట టీ తాగేటప్పుడు పక్కకి పిలిచి చెప్తే జీవితాంతం దణ్ణం పెట్టేదాన్ని. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అయితే ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కూరగాయలు తరుగుతున్నా అదే: పెళ్ళయ్యాక ఆ కొట్టు ఎవరిది? చివరికి కాగితాలు దింపించి చట్టం చదవడం మొదలుపెట్టాను. ఆయన చెప్పింది నిజమే. ఇంగ్లండు చట్టం కంట్లో మొగుడూ పెళ్ళాం ఒకటే మనిషి, ఆ ఒక్క మనిషి మొగుడు. పెళ్ళి క్షణం నుంచి ఆమె నగదు, నగలు, సరుకు, సంపాదన అన్నీ అతనివి. ఇల్లూ భూమీ ఉంటే ఆమె ఒప్పుకోకుండా అమ్మలేడు గానీ, దాని అద్దె అతనే తింటాడు. పెళ్ళయిన ఆడదానికి తన ఆస్తి మీద పూర్తి హక్కు ఇచ్చిన చట్టం 1882 దాకా రాలేదు. ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం మీద పైసా కూడా తాతయ్య ముట్టుకోలేదు, అది స్త్రీధనం. గుర్రబ్బండ్లలో తిరిగిన ఆ దొరసానులకి మా అమ్మమ్మకి ఉన్నపాటి ఆసరా కూడా మామూలు చట్టంలో లేదు!

దారి మాత్రం ఒకటుంది. పెళ్ళికి ముందే దస్తావేజు రాయించి ఆమె ఆస్తిని ట్రస్టీల చేతిలో పెడితే, చాన్సరీ కోర్టు దాన్ని ఆమె సొంత ఆస్తిగా కాపాడేది. సెటిల్‌మెంట్ అంటారు. డబ్బున్న ఇళ్ళ తండ్రులు కూతుళ్ళకి ఇది చేయించేవాళ్ళు. మరి పారిపోయిన పిల్లకి దస్తావేజు ఎవరు రాయిస్తారు? అక్కడ నా నవల తలకిందులైంది. పారిపోవడమే నా హారియట్ చేయగలిగిన అన్నిటికన్నా పిరికి పని, అన్నిటికన్నా నష్టమైన పని. సాహసం అంటే పారిపోకుండా నిలబడటం.

అన్నీ మళ్ళీ రాశాను. హారియట్ వయసు ఇరవై రెండు చేశాను. 1753 నాటి పెళ్ళి చట్టం ప్రకారం ఇరవై ఒకటి నిండితే పెద్దవాళ్ళ అనుమతి అక్కర్లేదు. చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదివిస్తే చాలు, మన సీఎస్సై చర్చిల్లో ఇప్పటికీ చదువుతారే, అదే పద్ధతి. బాబాయి ఆపలేడు. కానీ దస్తావేజుకి లాయరు కావాలి, లాయరుకి డబ్బు కావాలి, ఆమె డబ్బు బాబాయి నొక్కిపెట్టాడు. అందుకని ఆ చలి వేసవిలో, కొండ విరిగిపడ్డ మర్నాడు, పోటు వచ్చేలోపు ఒక ఎముకల గూడు తవ్వి తీస్తుంది. దాన్ని గడ్డిలో చుట్టి, దాదాపు 150 మైళ్ళు బండి వెనకాలే పోయి, లండన్‌లో అమ్ముతుంది. ఆ డబ్బుతో లాయరు దగ్గరికి వెళ్తుంది. మేరీ ఆనింగ్‌కి ఒక సన్నివేశం ఇచ్చాను. ఆమె బీదది, ఒంటరిగా తిరిగినా ఊరు పట్టించుకోదు. హారియట్ గౌరవమైన ఇంటి పిల్ల, తోడు లేకుండా నాలుగడుగులు వేస్తే మాట వస్తుంది. ఇద్దరూ ఒకే బురదలో మోకాళ్ళ మీద ఉండి ఈ తేడా గురించి మాట్లాడుకుంటారు. నవల మొత్తంలో నాకు గర్వంగా ఉన్న ఐదు పేజీలు అవే. అలాంటివి తెలుగులో ఎవరూ రాయలేదని ధైర్యంగా చెప్తాను.

ఇక సలహాలు. నాయికకి కత్తి ఇచ్చేముందు ఆమె చుట్టూ ఉన్న కంచె కొలవండి. నిజంగా బతికిన ఆడవాళ్ళ నుంచి మొదలుపెట్టండి: తోకచుక్కలు వెతికిన కరోలిన్ హెర్షెల్‌కి 1787 నుంచి రాజు ఏడాదికి 50 పౌండ్లు జీతమిచ్చాడు, పారిస్‌లో సోఫీ బ్లాంషార్ గాలిగుమ్మటం ఎగరేస్తూ 1819లో చనిపోయింది. ఉత్తరాలు రాయించేటప్పుడు, అప్పట్లో ఖర్చు అందుకున్నవాళ్ళే కట్టుకునేవాళ్ళని మర్చిపోకండి. చేతిలో చిల్లర లేక హారియట్ ఒక ఉత్తరం వెనక్కి పంపేస్తుంది, కథ అక్కడే మలుపు తిరుగుతుంది. డ్యూక్‌ని 'ప్రభూ' అనిపించకండి, జానపద సినిమా అయిపోతుంది. నేను 'దొరగారూ' తోనే నడిపాను. వాళ్ళకి పేరు పెట్టి పిలవడమే పెద్ద చనువు. మనకి 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగడం. నా లెఫ్టినెంటు ముప్ఫై ఒకటో అధ్యాయం దాకా 'మీరు' అనే అంటాడు. దస్తావేజు మీద సంతకం పెట్టి, కలం కింద పెట్టి, అప్పుడు "హారియట్, నువ్వు చదివి చూసుకో" అంటాడు. అది రాసిన రాత్రి నేను ఏడ్చాను.

పెద్దల కార్యశాలలకి వెళ్ళొద్దు అనను. వెళ్తే మైళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళండి.

పుస్తకం పని ఇంకా మిగిలే ఉంది. నిన్న అట్ట బొమ్మ పంపించారు. గుమ్మటంలా ఉబ్బిన పరికిణీ గౌనులో ఎవరో అమ్మాయి, చేతిలో గులాబీ. ఆ గౌన్లు ఇంకో నలభై ఏళ్ళ తర్వాతవి. 1816లో నడుము పట్టీ గుండెల కిందే ఉంటుంది, కింద గుడ్డ నిటారుగా జారుతుంది. ఫోన్‌లో చెప్తే "బొమ్మ బావుంది కదా మేడమ్" అంటున్నారు. రేపు పదింటికి బొమ్మలు వేసే అబ్బాయి దగ్గరికి నేనే వెళ్తున్నాను. గులాబీ తీసేసి చేతిలో సుత్తి పెట్టించాలి, గౌను అంచుకి బురద పూయించాలి.