పాపిట తీసే దువ్వెన

ఈఈజీ అంటే తల మీద నుంచే మెదడు విద్యుత్ సిగ్నళ్లను రికార్డు చేయడం. అది తీసే ముందు తలకు టోపీ తొడుగుతాం. మా ల్యాబ్‌లో వాడే టోపీకి ఆ సిగ్నళ్లను అందుకునే 64 ఎలక్ట్రోడ్లుంటాయి. ఒక్కోదాని కింద వెంట్రుకలు పక్కకు జరిపి, చర్మం కనపడ్డాక జెల్ పెట్టాలి. జెల్ చర్మానికి సరిగా అంటకపోతే మెదడు సిగ్నల్ పనికిరాదు.

నేను జర్మనీ వచ్చిన రెండో నెలలో ఒక ఆఫ్రికన్ అమ్మాయి వాలంటీర్‌గా వచ్చింది. ఒత్తయిన ఉంగరాల జుట్టు. ఎంత నొక్కినా టోపీ పైకి లేస్తోంది. ఇరవై నిమిషాలు చూసి మా సీనియర్ ఆమెకు ఇవ్వాల్సిన డబ్బులిచ్చి పంపేశాడు. లిస్టులో ఆమె నంబర్ కొట్టేశారు. ఆయనది చెడ్డ మనసేం కాదు. కానీ ఆ ఇరవై నిమిషాలన్న లెక్క ఎవరి జుట్టును చూసి వేశారు?

ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. ఒత్తు జుట్టు విడదీయడం నాకు తెలుసు. నల్లగొండ జిల్లాలోని మా ఊరు మర్రిగూడలో బడికి పోయే ముందు అమ్మ నన్ను గడప ముందు కూర్చోబెట్టి, నూనె అంటి, దువ్వెన మొనతో నుదుటి నుంచి మెడదాకా గీత గీసినట్టు పాపిట తీసేది. ఆ గీతలో చర్మం తెల్లగా కనపడేది. తర్వాత చదివితే తెలిసింది, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆర్నెల్ ఎటియెన్ బృందం 2020లో చేసి చూపించిందీ ఇలాంటిదే. జుట్టును వరసగా అల్లి, జడల మధ్య పాపిటలో నిలిచే ఎలక్ట్రోడ్లు తయారుచేశారు.

ఆ వారమే ఆల్బా నెట్‌వర్క్‌లో చేరాను. మెదడు పరిశోధనలో అందరికీ సమాన చోటు ఉండాలని 2018లో మొదలైంది. ఎందుకు చేరుతున్నానో నాలుగు ముక్కలు రాసుకుందామని కూర్చుంటే ముందు తాత గుర్తొచ్చాడు. మా ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడ్. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఫ్లోరోసిస్ అనే జబ్బు వస్తుంది; వెన్నెముక ఎముకలు మందమై లోపలి వెన్నుపామును నొక్కేస్తే కాళ్లు పట్టు తప్పుతాయి. తాత ఆఖరి ఆరేళ్లు మంచం దిగలేదు. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే సిద్దిఖీ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే మా జిల్లా ఈ శాస్త్రంలోకి ఎప్పుడో వచ్చింది, రోగిగా. ప్రశ్న అడిగే మనిషిగా రావాలని నా కోరిక. అదే రాశాను.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను.

"సంఘంల చేరిన్నమ్మా."

"పైసలు కట్టాల్నా బిడ్డా?"

"లేదు, ఉట్టిగనే."

"మంచిగైంది. ఒక్కదానివే అడిగితే ఎవరింటరు? మేం పదిమందిమి కలిసి పోయినంకనే గదా బ్యాంకుల కూసోమని కుర్చీలేసిండ్రు."

నెట్‌వర్క్‌లో పరిచయమైన ఒక అక్క, ఈఈజీలో పదేళ్లుగా పనిచేస్తున్నారు, ప్రొఫెసర్‌ను ఎలా అడగాలో నాతో కూర్చుని రాయించారు. ఒత్తు జుట్టున్నవాళ్లకు గంటన్నర టైమ్ ఇవ్వాలని అడిగాను. సరేనన్నారు. మొనదేలిన దువ్వెనలు రెండు కొని ల్యాబ్ డ్రాయర్‌లో పెట్టాను.

"మరి ఆ పిల్లను మల్ల పిలిచినవా?" అంది అమ్మ మొన్న.

రేపు పొద్దున పదింటికి వస్తోంది.