మన ఆధార్ ఎవరి ఫోన్లో ఉంది?

మా చుట్టాలకు గది కోసమని తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి వెళ్లాం. కౌంటర్లో ఉన్న అబ్బాయి ఐదుగురి ఆధార్ కార్డులూ రెండు వైపులా తన సొంత ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు, ఎనిమిదేళ్ల పాపది కూడా. "ఇవి ఎప్పుడు తీసేస్తారు?" అంటే "ఉంటాయ్ సార్, ఏం కాదు" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

కానీ ఈ ఊరికి ఎన్ని రాష్ట్రాల నుంచి భక్తులు వస్తారు! వాళ్లందరి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా ఎవరెవరి గ్యాలరీల్లో పడి ఉన్నాయో తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. నీ డేటాకు నువ్వే యజమానివని అందులో రాయలేదు, అది నాకు వెలితిగానే ఉంది. అయినా సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు, డేటా చెరిపేయమని అడగొచ్చు అంటుంది. భద్రత చూసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకా గడువిచ్చారు.

ఈలోగా మొదటి 8 అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి, ముందు అదే చూపించి, ఇది సరిపోతుందా అని అడగండి. లాడ్జీలు నడిపే మిత్రులకు ఒక మాట: రిజిస్టర్ రాయాల్సిందే, కాదనను. ఫోటోలు మాత్రం స్టాఫ్ సొంత ఫోన్లలోకి పోనివ్వకండి.