అంతులేని స్తంభం
రుమేనియాలోని తుర్గు జియులో శిల్పి కాన్‌స్టాంటిన్ బ్రాంకూషి 1938లో నిలబెట్టిన ‘అంతులేని స్తంభం’ అంటే నాకు ప్రాణం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి కోసం పోరాడి చనిపోయినవాళ్ల స్మారకం అది, కానీ తుపాకీ లేదు, సైనికుడి బొమ్మ లేదు, నడుం దగ్గర ఉబ్బి మళ్లీ సన్నబడే పోత ఇనుప దిమ్మలు ఒకదాని మీద ఒకటి, దాదాపు 30 మీటర్ల ఎత్తు దాకా, అంతే. పై చివర ఉన్నది సగం దిమ్మే, అందుకే ఆగిపోయినట్టు అనిపించదు, చూపు ఇంకా పైకి పోతూనే ఉంటుంది. కిటుకంతా అక్కడే ఉంది! 1950లలో కమ్యూనిస్టు అధికారులు పడగొట్టాలని చూశారు, పడలేదు. అదే ఊళ్లోని ఆయన రాతి ద్వారం, రాతి బల్లతో కలిపి 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ఆ నిర్ణయం తీసుకున్నది మన ఢిల్లీ సమావేశంలోనే. ఇండోర్ మహారాజు కోసం ఆయన ఒక ధ్యాన మందిరం కూడా తలపెట్టారు, అది కట్టి ఉంటే ఎంత బాగుండేదో.