నా అనుభవం: డయాలసిస్ గదిలో కీర్తనలు

మా ఆయనకు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని డాక్టరు చెప్పిన వారంలోనే మా ఫోన్లు వాక్యాలతో నిండిపోయాయి. ఎక్కువమంది పంపింది యిర్మీయా 29:11. మీ విషయంలో నా ఆలోచనలు మేలు కోసమే గానీ కీడు కోసం కావు అని దేవుడు చెప్పే మాట. ప్రేమతోనే పంపారు, కాదనను. ఒక రాత్రి నిద్రపట్టక ఆ అధ్యాయం మొదటి నుంచీ చదివాను. అది బబులోనుకు చెరగా వెళ్లిపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. సరిగ్గా ముందు వచనంలోనే 70 ఏళ్లు పడుతుందని ఉంది. ఇంకా పైన ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని ఉంది. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పిన హనన్యా అనే ప్రవక్త 28వ అధ్యాయంలో ఉన్నాడు. అతను చెప్పింది అబద్ధం.

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మెషిన్ పక్కన గడపాల్సిన ఇంటికి ఆ ఉత్తరం మొత్తం కావాలి, ఒక్క వచనం చాలదు. రేపటికల్లా తగ్గిపోతుందని ఎదురుచూడటం మానేసి పిల్లల చదువు, ఇంటి పని, నా ఉద్యోగం అన్నీ డయాలసిస్ రోజుల చుట్టూ సర్దుకున్నాం. ప్రార్థన మానలేదు. బతకడం కూడా వాయిదా వేయలేదు.

ఓదార్చడానికి వచ్చినవాళ్లతోనే ఎక్కువ కష్టపడ్డాం. సంఘంలో ఒక పెద్దాయన ఇంటికొచ్చి, "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండమ్మా" అన్నారు. మా ఆయన అప్పుడే డయాలసిస్ నుంచి వచ్చి లోపలి గదిలో పడుకుని ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి ఉంది గానీ మాట వినిపించింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన పాత సంగతులు తవ్వుకుంటూనే ఉన్నారు, ఎప్పుడో కాలేజీ రోజుల్లో చెప్పిన అబద్ధాలతో సహా. నేను యోహాను 9వ అధ్యాయం తీసి ఆయన ముందు పెట్టాను. ఇతను గుడ్డివాడిగా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నారు ప్రభువు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఎదురు ప్రశ్న వేశారు. కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ పక్కన ఊరికే కూర్చున్నంతసేపూ మంచివాళ్లే, నోరు తెరిచాకే వచ్చింది తంటా!

ఇంకొకరు మెషిన్ మానేసి విశ్వాసంతో నిలబడమన్నారు. ఆ విషయంలో నేను చర్చే పెట్టుకోలేదు. కిడ్నీలు పూర్తిగా పోయిన మనిషి డయాలసిస్ మానేస్తే చాలావరకు రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో ప్రాణం పోతుంది. చావు జబ్బుతో ఉన్న హిజ్కియా రాజు ప్రార్థన విన్నానని దేవుడు చెప్పాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద అతని పుండుకు కట్టమన్నాడు. పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వెళ్లాల్సి వచ్చింది. కొలొస్సయులకు రాస్తూ లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. వీళ్లలో ఎవరి విశ్వాసం తక్కువని చెబుతాం?

ఇక నా సంగతి. బయటికి గట్టిగానే కనిపించేదాన్ని గానీ మోకరిస్తే మాట వచ్చేది కాదు. స్తోత్రాలు చెప్పబోతే నాకే అబద్ధంలా అనిపించేది. సొంత మాటలు పక్కనపెట్టి, డయాలసిస్ గదిలో కుర్చీ వేసుకుని కీర్తనలు ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాను. ఉన్న 150లో సుమారు మూడో వంతు మొర పెట్టుకునేవేనని అప్పుడే గమనించాను. చిన్నప్పటి నుంచీ పాడుకున్నవి మాత్రం ఎక్కువగా సంతోషంవే.

88వ కీర్తన వచ్చిన రోజు ఆయనకు బీపీ పడిపోయి, కాళ్లు కొంకర్లు పోయి, సిస్టర్ వచ్చి సెలైన్ ఎక్కించి వెళ్లింది. మొర కీర్తనలు చాలావరకు చివర్లో ఎక్కడో ఒకచోట వెలుగువైపు తిరుగుతాయి. ఇది తిరగదు. మొదటి వచనంలో నా రక్షణకర్తవగు దేవా అని పిలుస్తాడు, చివరికి చీకట్లోనే ఆగిపోతాడు. చదివేసి, ఈ రోజు ఇది చదవకుండా ఉండాల్సిందేమో అని ఆయన వైపు చూశాను. కళ్లు మూసుకునే, "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. కాసేపటికి, "ఇదీ బైబిల్లోనే ఉందా?" అన్నారు.

ఆయన్ని ఎక్కువ బాధపెట్టేది దాహం. నీళ్లు కొలత ప్రకారమే తాగాలి, అందుకని చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకుని కరిగేదాకా ఉంచుకుంటారు. ఒకరోజు అలాగే కూర్చుని, "సిలువ మీద ఆయనా దాహమే అన్నారు కదా" అన్నారు. నేను ఇన్నేళ్లు విన్న గుడ్ ఫ్రైడే ప్రసంగాల్లో ఏదీ నాకు అంత దగ్గరగా రాలేదు.

ఆదివారం గుడికి వెళ్లడం మానలేదు గానీ, కొన్నాళ్లు పాట పాడలేకపోయాను. చుట్టూ వాళ్లు పాడుతుంటే నిలబడేదాన్ని, అంతే. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొస్తారు కదా, అక్కడ ప్రభువు వారి విశ్వాసం చూశాడని ఉంటుంది. ఆ మంచం మీద మనిషి అప్పటిదాకా నోరు విప్పినట్టు లేదు. నాకు అలాంటి నలుగురు దొరికారు. అందులో ఒక అక్క వాక్యం చెప్పేది కాదు, సలహా ఇచ్చేది కాదు. డయాలసిస్ రోజు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లి, హోంవర్క్ చేయించి, అన్నం పెట్టి పంపేది. నా బదులు ఆవిడే ప్రార్థన చేస్తోందని నాకు తెలుసు.

సాక్ష్యాల సమయంలో సాధారణంగా లేచేది స్వస్థత పొందినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు. ఒక ఆదివారం నేను లేచాను. "మా ఆయన ఇంకా డయాలసిస్‌లోనే ఉన్నారు. మేం ఇంకా ప్రభువునే అడుగుతున్నాం" అని చెప్పి కూర్చున్నాను. ఏమనాలో ఎవరికీ తోచలేదు. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి ఆమేన్ అన్నారు. ఆరాధన అయ్యాక ఇద్దరు ఆడవాళ్లు విడివిడిగా నా దగ్గరికి వచ్చి, ఏళ్ల తరబడి జవాబు రాని తమ ప్రార్థనల గురించి చెప్పారు. వాళ్లలో ఒకావిడ సంఘంలో అందరికీ ధైర్యం చెప్పే మనిషి.

కోపం ఇప్పటికీ వస్తుంది, ముఖ్యంగా కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసే జాబితా గురించి ఫోన్ చేసి ఏమీ లేదని విన్న రోజుల్లో. ఆ రోజుల్లో నా ప్రార్థన మార్కు 9లో ఆ తండ్రిదే. నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సాయం చెయ్యి. అంతకంటే పొడుగు చేయను.

ఈ మధ్య మా సంఘంలోనే ఇంకొకాయనకు డయాలసిస్ మొదలైంది. ఆయన భార్యతో మాట్లాడమని పాస్టరుగారు పంపారు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ చూడనివ్వొద్దని, రక్తం తీయనివ్వొద్దని, లోపల చలేస్తుంది కాబట్టి దుప్పటి తీసుకెళ్లమని చెప్పాను. ఎవరైనా పాపం సంగతి ఎత్తితే నాకు ఫోన్ చేయమన్నాను.