ఆర్బరిస్ట్ సర్టిఫికెట్: చెట్ల పనివాడిగా నా అనుభవం

ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్, అంటే ఐఎస్‌ఏ పెట్టే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ తెలిసిన పనివాడు) పరీక్ష పాసయ్యాను. చెట్ల పనిలో ఉండి ఈ పరీక్ష రాయాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నన్ను ముందుగా ఇబ్బంది పెట్టింది దరఖాస్తు. ఈ పనిలో 3 ఏళ్ల పూర్తికాల అనుభవం చూపించాలి. సంబంధిత డిగ్రీ ఉన్నవాళ్లకు ఆ గడువు తగ్గుతుంది. నాకు డిగ్రీ లేదు. అనుభవం దండిగా ఉంది కానీ కాగితం మీద ఎక్కడా లేదు. ఒక పాత యజమాని ఉత్తరం ఇవ్వడానికి బాగా తిప్పించుకుని, చివరికి ‘చెట్లు కొట్టేవాడు’ అని ఒక్క ముక్క రాసిచ్చాడు. అది చాలదు. కత్తిరింపు, నాటడం, తెగుళ్లు గుర్తించడం లాంటి వాటిలో ఏమేం చేశామో అందులో ఉండాలి. చేసిన పనులన్నీ నేనే వరసగా రాసుకుని వెళ్లి సంతకం పెట్టించుకున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు, ఒక చోట మానేసి ఇంకో చోటికి వెళ్లేటప్పుడే ఉత్తరం తీసుకోండి. తర్వాత అడిగితే మనుషులు దొరకరు.

పరీక్షలో 200 ప్రశ్నలు, మూడున్నర గంటల సమయం. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటారు. కత్తిరింపు, భద్రత నాకు రోజూ చేసే పనులే కాబట్టి తేలిగ్గా వచ్చాయి. నేల గురించి, చెట్టు ఒంటి గురించి చదవడానికే గట్టిగా కూర్చోవాల్సి వచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చిందీ ఆ భాగమే.

అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో చైన్ సాతో వేల చెట్లను నిలువునా కోసి, లోపల పుచ్చు ఎలా పాకుతుందో చూశాడు. 1977లో వచ్చిన ఆయన ‘కోడిట్’ నమూనా చెప్పేదేమిటంటే, చెట్టు పాడైన చెక్కను బాగుచేసుకోలేదు, దాని చుట్టూ గోడలు కట్టి పుచ్చును అక్కడికక్కడ ఆపే ప్రయత్నం చేస్తుంది. ఆ గోడలు 4. నీటి నాళాలను మూసి పైకీ కిందికీ పాకకుండా చూసేది మొదటిది, అన్నిట్లోకీ బలహీనమైనది. పుచ్చు ఎక్కువగా నిలువుగా సాగేది అందుకే. రెండోది లోపలికి, మూడోది పక్కలకు పోకుండా అడ్డుకుంటాయి. గాయం తగిలాక కొత్తగా ఏర్పడే పొర నాలుగోది. అది అన్నిటికన్నా గట్టిది, పాత చెక్కలోని పుచ్చును కొత్త చెక్కలోకి రానివ్వదు. పెద్ద తొర్ర ఉన్న చెట్టు కూడా ఏళ్ల తరబడి పచ్చగా నిలబడుతోందంటే ఆ పొర చలవే.

కొమ్మ మానును కలిసే చోట కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, దాన్ని కాలర్ అంటాం. పంగలో బెరడు ముడత పడి గీతలా కనిపిస్తుంది. ఆ గీతకు బయటగా, కాలర్‌కు తగలకుండా కోయాలి. నున్నగా కనబడాలని మానుకు ఆనించి కోస్తే కాలర్ కూడా తెగి, పుచ్చును ఆపే రక్షణే పోతుంది. మొండి వదిలితే అది ఎండి పుచ్చుకు దారవుతుంది. బరువైన కొమ్మకు ముందు కిందనుంచి గాటు పెట్టి, కాస్త బయటికి జరిగి పైనుంచి కోసి, కొమ్మ పడ్డాక మిగిలిన మొండిని కాలర్ దగ్గర తీసేస్తాం. కింది గాటు లేకుంటే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. ఈ మూడు కోతలూ నా చేతులకు అలవాటే. ఆ చీలిక చెట్టుకు ఎంత చేటో మాత్రం మొదటి గోడ సంగతి చదివాకే పూర్తిగా అర్థమైంది.

సర్టిఫికెట్ వల్ల ఏం లాభం అంటే నా జవాబు ఒకటే: చేయకూడని పనిని కాదనగలుగుతున్నాను. ఒకాయన ఇంటి పక్కనున్న పెద్ద చెట్టు తల నరికేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆకులన్నీ పోతే చెట్టుకు తిండి ఉండదని, నరికిన చోట గుబురుగా లేచే రెమ్మలు పైపైనే అతుక్కుని ఉండి గాలికి విరుగుతాయని చెప్పాను. దానికి బదులు పొడవైన కొమ్మలను పక్క కొమ్మ దాకా వెనక్కి తగ్గిస్తానన్నాను. ఆ పక్క కొమ్మ లావు, తీసేసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉండేలా చూసుకుంటాం. ఇదే మాట ఇదివరకు చెబితే ‘చెప్పింది చెయ్యి’ అనేవాళ్లు. ఈయన ఐఎస్‌ఏ సైట్‌లో నా పేరు చూసుకుని, తర్వాత కూర్చుని విన్నాడు. చెట్టు ఇప్పటికీ ఉంది.

దీన్ని లైసెన్స్ అనుకోకండి. రాత పరీక్ష కాబట్టి చెట్టెక్కడం వచ్చని కూడా ఇది రుజువు చేయదు. దానికి చెట్టెక్కేవాళ్ల పరీక్ష వేరే ఉంది. అందులో తాడు మీద ఎక్కి పని చేసి చూపించాలి, పైన దెబ్బతిన్న మనిషిని ఎలా దించాలో కూడా చేసి చూపించాలి.

పాసైతే పని అయిపోలేదు. 3 ఏళ్లలో 30 యూనిట్ల శిక్షణ పూర్తి చేయాలి, లేదంటే మళ్లీ పరీక్ష రాయాలి. నేను ఆ యూనిట్లను ఎక్కువగా చెట్ల ప్రమాద అంచనా తరగతులకే పెడుతున్నాను, ఎందుకంటే ‘ఈ చెట్టు ఇంటి మీద పడుతుందా’ అన్నదే నన్ను అందరూ అడిగే ప్రశ్న.