హైదరాబాద్‌లో దొరకని బీరు

బ్రిటన్‌లో నీకు బాగా నచ్చిన బీరు ఏదని ఎవరడిగినా హార్వీస్ సస్సెక్స్ బెస్ట్ అనే చెప్తాను, తడుముకునే పనే లేదు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న బ్రైటన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అలవాటైంది. అక్కడికి దగ్గర్లోనే లూయిస్ అనే చిన్న ఊళ్లో, ఊజ్ నది ఒడ్డున తయారుచేస్తారు. 1790లో మొదలైన కంపెనీ. రాగి రంగు, 4 శాతం ఆల్కహాల్, ముందు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి తగిలి చివర్లో హాప్స్ (బీరులో వేసే ఒక తీగ పూలు) చేదు నాలుక మీద నిలబడిపోతుంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఇక్కడ సొంతంగా బీరు తయారుచేసి అమ్మే చోట్లు చాలా వచ్చాయి, కొన్నిచోట్ల నిజంగా మంచి బీరు పోస్తున్నారు. కానీ నాకు కావలసింది ఇక్కడ దొరకదు, ఎందుకంటే ఆ బీరు ప్రయాణం చేసేది కాదు. ఇంగ్లిష్ పబ్బులో హ్యాండ్ పంపుతో లాగి పోసే ఇలాంటి చేదు బీరుని, అంటే బిట్టర్‌ని, కాస్క్ ఏల్ అంటారు. అది బ్రూవరీ నుంచి బయల్దేరేటప్పుడు పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పబ్బు కింద సెల్లార్‌లో కూడా పులుస్తూనే ఉంటుంది, అలా పులిసేటప్పుడు పుట్టిన కొద్దిపాటి గ్యాసే దానికి నురగ, బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. పీపాని కదలకుండా పెట్టి, మడ్డి కిందికి దిగాక పంపు తగిలించాలి. ఒక్కసారి తెరిచాక గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి మూడు రోజుల్లో అమ్మేసుకోవాలి, లేకపోతే పాడైపోతుంది. మన తాటికల్లు కూడా అంతే కదా, చెట్టు దగ్గర ఆ పూట తాగితేనే దాని రుచి, సీసాలో పోసి పట్నం తెస్తే అది వేరే సరుకు. హార్వీస్ సీసాల్లో కూడా వస్తుంది, తాగాను, బాగుంటుంది, కానీ పంపు నుంచి వచ్చిన దానికి అది సాటి రాదు.

మనవాళ్లు లండన్ నుంచి వచ్చి "అక్కడ బీరు వేడిగా ఇస్తారు" అని చెప్తుంటే నాకు బాధగా ఉంటుంది. వేడి కాదండీ, సెల్లార్ చల్లదనం, 11 నుంచి 13 డిగ్రీలు. మన ఎండలకి మనకు అలవాటైన లాగర్ రకం బీరు గడ్డకట్టేంత చల్లగా కావాలి, ఒప్పుకుంటాను. కానీ బిట్టర్‌ని అంత చల్లబరిస్తే మాల్టూ హాప్సూ రెండూ మూగబోతాయి. ఇంకో మాట, పూర్తి శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి, బీరు తేటపడటానికి చాలాచోట్ల చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. అది వాడని బీర్లు కూడా ఇప్పుడు చాలానే ఉన్నాయి.

బీరుకీ ఊరికీ ఉన్న బంధం ఎంతటిదో లూయిస్ జనం చూపించారు. అక్కడ లూయిస్ ఆర్మ్స్ అనే పాత పబ్బు ఉంది. గ్రీన్ కింగ్ అనే పెద్ద బ్రూవరీ చేతిలో ఉన్నప్పుడు, 2006 డిసెంబరులో, అక్కడ హార్వీస్ తీసేశారు. రోజూ వచ్చే జనమే పబ్బు గుమ్మం ముందు నిలబడి, లోపలికి వెళ్లకండని వచ్చేవాళ్లకి చెప్పారు. చలికాలమంతా అలాగే సాగింది. 2007 ఏప్రిల్‌లో కంపెనీ దిగొచ్చి హార్వీస్‌ని మళ్లీ పెట్టింది. సొంత ఊరి బీరు కోసం చలిలో నిలబడ్డ ఆ జనం మీద నాకు గొప్ప గౌరవం.

బ్రైటన్‌లో నాకిష్టమైన పబ్బు బాస్కెట్‌మేకర్స్ ఆర్మ్స్. గోడల నిండా పాతకాలపు రేకు డబ్బాలు, వాటిలో వచ్చినవాళ్లు రాసి పెట్టిన చీటీలు. నేనూ తెలుగులో ఒకటి రాసి పెట్టాను, ఎవరైనా తెలుగువాళ్లు తీసి చదివారేమో! సాయంత్రం అక్కడి నుంచి బీచ్ దాకా నడిచి, గులకరాళ్ల మీద కూర్చుని, వెనిగర్ చల్లిన చిప్స్ సీగల్స్ ఎత్తుకుపోకుండా ఒళ్లో దాచుకుని తినడం, ఎదురుగా సముద్రంలోకి కట్టిన పాత వంతెన, 2003లో కాలిపోయిన వెస్ట్ పియర్ ఇనప చట్రం. చలికాలంలో పొద్దుగూకే వేళ వేల గోరింకలు దాని మీద సుడులు తిరుగుతాయి.

అయినా సముద్రం పక్క బీరంటే నా మనసు సౌత్‌వోల్డ్ మీదే. ఇంగ్లండ్ తూర్పున సఫోక్ తీరంలో చాలా చిన్న ఊరు. ఆడ్నమ్స్ బ్రూవరీ ఊరి నడుమే ఉంటుంది, గాలి వాటంగా ఉన్నరోజు వీధుల్లో మాల్ట్ ఉడికే వాసన వస్తుంది. లైట్‌హౌస్ కూడా ఒడ్డున కాదు, ఇళ్ల మధ్యలో తెల్లగా నిలబడి ఉంటుంది, దాని పక్కనే సోల్ బే ఇన్ అనే పబ్బు. 1672లో ఈ తీరానికి ఎదురుగా డచ్చి నౌకలతో పెద్ద యుద్ధం జరిగింది, దాని మూడు వందల ఏళ్ల గుర్తుగా 1972లో బ్రాడ్‌సైడ్ అనే బీరు తెచ్చారు, ముదురు ఎరుపు రంగులో, ఎండు పళ్ల రుచితో. చలికాలానికి అదే సరైనది. ఎండాకాలమైతే ఘోస్ట్ షిప్, నిమ్మ వాసన, 4.5 శాతం.

రంగురంగుల బీచ్ గుడిసెల వరస దాటి, రేవు వైపు నడిస్తే హార్బర్ ఇన్ వస్తుంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి తూర్పు తీరాన్ని ముంచేసినప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఆ పబ్బు గోడ మీద గుర్తు పెట్టారు. నేను పుట్టింది దివిసీమ వైపు. 1977 ఉప్పెన కథలు వింటూ పెరిగినవాణ్ణి, ఆ గుర్తు కింద నిలబడి తల పైకెత్తి చూసినప్పుడు బీరు తాగబుద్ధి కాలేదు కాసేపు. తర్వాత లోపలికి వెళ్తే మామూలుగా కుక్కలు, బురద బూట్లు, చేపల వాసన, జనం నవ్వులు. ఆ పబ్బు నాకు సొంతమైపోయింది.

ఎండాకాలంలో ఎవరైనా అటు వెళ్తుంటే సౌత్‌వోల్డ్‌కి రైలు లేదని గుర్తుంచుకోండి, 1929లోనే ఆపేశారు. హేల్స్‌వర్త్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. వరసగా పది పంపులున్న చోటు కంటే రెండే పంపులుండి జనం బాగా తాగే పబ్బు చూసుకోండి, పీపా త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి బీరు తాజాగా ఉంటుంది. టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, మీరే బార్ దగ్గరికి వెళ్లి అడగాలి. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, ముందు హాఫ్, అంటే సగం పింట్ తీసుకోండి, నచ్చితే రెండోది ఎలాగూ అడుగుతారు.