కుక్కతో మూడు రాత్రుల ప్రయాణం: నా అనుభవం

నేనూ మా ఆవిడా మూడు రాత్రుల ప్రయాణానికి బయలుదేరినప్పుడు కారు వెనుక సీటులో మా కుక్క చుక్క కూడా ఉంది. దానికి నాలుగేళ్లు, 22 కిలోల బరువు, జాతి ఏదో మాకూ తెలియదు. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా దానిని తెలిసినవారి ఇంట్లో ఉంచి వెళ్లేవాళ్లం. ఈసారి చూసుకునేవారు ఎవరూ లేకపోవడంతో వెంట తీసుకువెళ్లక తప్పలేదు. బస దొరకడమే కష్టమని, భోజనానికేం, ఎక్కడైనా దొరుకుతుందని అనుకున్నాను. జరిగింది దానికి తలకిందులు.

బస విషయంలో నేను చేసిన పొరపాటు ఒక్కటే. గదులు బుక్ చేసే యాప్‌లో ‘పెంపుడు జంతువులకు అనుమతి ఉంది’ అన్న మాట చూసి, ఇంకేమీ అడగకుండా మొదటి రాత్రికి డబ్బు కట్టేశాను. చీకటి పడ్డాక అక్కడికి చేరుకుంటే, కౌంటర్‌లో ఉన్నాయన చుక్క వైపు ఒకసారి చూసి, “పది కిలోల లోపు కుక్కలకేనండీ” అన్నారు. ఆ షరతు బుకింగ్ కాగితం అడుగున చిన్న అక్షరాలలో ఉంది కనుక నేను వాదించడానికి ఏమీ లేకపోయింది. కారులో కూర్చుని వరుసగా ఫోన్లు చేస్తే ఆరో చోట గది దొరికింది. అప్పటికి రాత్రి పది దాటింది.

మర్నాటి నుంచి ‘కుక్కను రానిస్తారా’ అని కాకుండా ‘22 కిలోల కుక్క ఉంది, రానిస్తారా’ అని అడగడం మొదలుపెట్టాను. అదనపు రుసుము రాత్రికి ఇంతా లేక మొత్తం బసకా, డిపాజిట్ తిరిగి ఇస్తారా, కుక్కను గదిలో ఒంటరిగా వదిలి బయటికి వెళ్లవచ్చా, అర్ధరాత్రి దానిని బయటికి తిప్పవలసి వస్తే గేటు తీస్తారా అన్నవన్నీ అడిగి, వారు ఒప్పుకున్న సంగతులను వాట్సాప్‌లో రాసి పంపమని కోరాను. ఒకాయన ఇన్ని ప్రశ్నలకు విసుక్కున్నారు. విసుక్కునేవారి దగ్గర దిగకపోవడమే మేలని ఆ గదిని వదిలేశాను. కింది అంతస్తులోనే గది కావాలని కూడా చెప్పేవాణ్ణి, ఎందుకంటే మొదటి రాత్రి చుక్క లిఫ్టు ముందున్న సన్నని సందును చూసి నాలుగు కాళ్లూ బిగించి నిలబడిపోతే, మూడో అంతస్తు దాకా దానిని మెట్ల మీదుగానే ఎక్కించవలసి వచ్చింది.

కొత్త గదిలో అది వెంటనే పడుకోలేదు. లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు) విప్పకుండానే మంచం కాళ్లు, తలుపు కింది సందు, అల్మారా మూల అన్నీ వాసన చూడనిచ్చి, ఇంట్లో అది రోజూ పడుకునే దుప్పటిని ఉతకకుండా తెచ్చాము గనుక దానిని గోడ వారగా పరిచాను. దుప్పటి మీద మూడు చుట్లు తిరిగి కూర్చుంది గానీ, వరండాలో అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా గొంతులోనే గుర్రుమనేది. ఆ చప్పుళ్లు కొంత వినిపించకుండా ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పితే రెండు గంటలకు గాని దానికి నిద్ర పట్టలేదు, మాకూ అంతే.

ఇక భోజనం. గదిలో కుక్కను ఒంటరిగా ఉంచకూడదంటారు, హోటల్ లోపలికి కుక్కను రానివ్వరు, కారులో వదలడానికి మనసొప్పదు. ఒప్పకూడదు కూడా: బయట 21 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున కూడా ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాలలో 32 డిగ్రీలు, అరగంటలో 40 డిగ్రీలు దాకా చేరుతుంది, అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. కుక్క ముఖ్యంగా వగరుస్తూనే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. లోపలి గాలే వేడెక్కిపోతే ఆ ఉపాయం పని చేయదు. అందువల్ల ఒకరు లోపల తింటుంటే ఇంకొకరు బయట నీడలో చుక్కను తిప్పడం, తరువాత వంతు మార్చుకోవడం మా పద్ధతి అయింది. మొదటి రెండు రోజులలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నది ఒక్కసారే, అదీ పార్సిల్ తెచ్చుకుని గదిలో.

ఆరుబయట బల్లలు వేసిన చోట ఒకసారి ప్రయత్నించాము. ముందుగా అనుమతి అడిగి, రద్దీ మొదలుకాక మునుపే వెళ్లి, మూలనున్న బల్ల తీసుకుని, లీష్‌ను బల్ల కాలికి కట్టాను. పక్క గోడ మీద పిల్లి కనిపించడంతో చుక్క లేచింది, దానితో పాటు బల్లా కదిలింది, రెండు గ్లాసుల నీళ్లు మా ఆవిడ ఒడిలో పడ్డాయి. అప్పటి నుంచి లీష్‌ను బల్లకు కట్టకుండా నా పాదం కింద తొక్కి పెట్టుకుంటున్నాను. అక్కడ పనిచేసే కుర్రవాడు ప్రేమగా ఉడికిన ఎముకలు తెచ్చి పెట్టబోతే వద్దనడం నాకు ఇబ్బందిగా తోచింది గానీ, ఉడికిన ఎముక పెళుసుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు వండినవైనా సరే కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి మా పళ్లెంలోది కూడా ఏదీ పెట్టలేదు.

దాని తిండి మేమే తీసుకువెళ్లాము. అకస్మాత్తుగా తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయని, రోజూ తినేదే పూటకొక పొట్లం చొప్పున కట్టి పెట్టుకున్నాము. కారు కదలడానికి మూడు గంటల ముందే ఉదయపు పొట్లం పెట్టేసేవాళ్లం; మొదటి రోజు తొందరలో ఆ నియమం తప్పితే దారిలో వాంతి చేసుకుంది.

మూడో రాత్రి దిగిన చోట రేబిస్ టీకా పుస్తకం చూపమన్నారు, చూపాము. ఫోన్‌లో మాట్లాడినప్పుడే భోజనం సంగతి కూడా అడిగి ఉన్నాను గనుక, గది ముందున్న వరండాలో చిన్న బల్ల, రెండు కుర్చీలు వేయించి ఉంచారు. పళ్లేలు అక్కడికే వచ్చాయి. చుక్క బల్ల కింద తన దుప్పటి మీద పడుకుంది, లీష్ నా పాదం కిందే ఉంది, మేమిద్దరం ఒకేసారి తిన్నాము.